వరుగు నుంచి వర్గీకరణ దాకా: వంకర కాయ విలువపై చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

చూపుకు బాగులేవన్న కారణంతో తినదగిన పండ్లు, కూరగాయలను తిరస్కరించడం నేటి ఆహార వృథాలో ఒక భాగం. కాయ విలువను నిర్ణయించే కొలమానం కాలక్రమంలో ఎలా మారిందో తెలుగువారి ఆహార పదజాలం, ఆముక్తమాల్యద, 20వ శతాబ్దపు శ్రేణీకరణ నిబంధనల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1. ఉపోద్ఘాతం

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచవ్యాప్తంగా దుకాణాలు, భోజనశాలలు, ఇళ్లలో కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలో జరిగిన వృథాయే. పొలం నుంచి అంగడికి చేరేలోగా జరిగే నష్టం దీనికి అదనం. భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన లూధియానా కోతానంతర పరిశోధన సంస్థ 2015లో వెల్లడించిన అంచనాల ప్రకారం, కోత సమయంలోనూ ఆ తరువాతా జరిగే నష్టం మామిడిలో 9.16 శాతం, టమాటాలో 12.44 శాతం, జామలో 15.88 శాతం. ఈ నష్టమంతా రూపదోషం వల్ల కలిగినది కాదు. ఎండ, రవాణా, నిల్వ లోపాలు కూడా ఇందులో ఉన్నాయి. అయితే మచ్చ పడినందుకో వంకర తిరిగినందుకో కాయను పక్కన పెట్టే పద్ధతికి ఒక చరిత్ర ఉంది. దానిని విడిగా పరిశీలించడం అవసరం.

2. పదజాలంలోని వివేచన

పిందె, కాయ, దోరకాయ, పండు అనే మాటలు ఎదుగుదలలోని దశలను తెలుపుతాయి. వాడు, వడలు, పుచ్చు, కుళ్ళు అనే క్రియలు చెడిపోవడంలోని దశలను తెలుపుతాయి. వాడినది వండదగినది. పుచ్చినది చెడిన భాగం కోసివేసి వాడుకోదగినది. కుళ్ళినది పెంటకు పోవలసినది. ఈ మాటలన్నీ కాయ దేనికి పనికివస్తుందో చెప్పేవే గాని, అది ఎలా కనిపిస్తుందో చెప్పేవి కావు. ముదిరిన బెండకాయ పనికిరాదన్న సామెత సైతం తప్పుపట్టింది ముదురుతనాన్నే, వంకరను కాదు.

వంట పద్ధతులూ ఈ వివేచననే అనుసరించాయి. గాలికి రాలిన పచ్చి మామిడికాయలు ముక్కలై, ఎండి, వరుగులయ్యాయి. రసం నిండి మెత్తబడిన పండ్లు చాపలపై పొరలు పొరలుగా ఆరి తాండ్రగా మారాయి. బీరకాయ చెక్కు కూడా పచ్చడయింది. తెలంగాణలో పచ్చడికి తొక్కు అనే పేరుంది. దంచి నూరే ఆ వంటలో కాయ ఆకారంతో పనిలేదు. అలాగని సంప్రదాయం ప్రతి కాయనూ ప్రతి వంటకూ అంగీకరించలేదు. ఆవకాయకు దెబ్బ తగలని, టెంక ముదిరిన, గట్టి పుల్లని కాయనే ఏరుకుంటారు. దెబ్బ తగిలిన కాయ ఏడాదిపాటు నిలవ ఉండదన్నదే అందుకు కారణం. ఇక్కడ ఎంపిక లేకపోలేదు, కాని ఆ ఎంపికకు ఆధారం ప్రయోజనం.

3. ఆముక్తమాల్యద సాక్ష్యం

16వ శతాబ్దపు తొలి దశకాలలో శ్రీకృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఆతిథ్యాన్ని వర్ణించే పద్యాలు ప్రసిద్ధమైనవి. వానకాలపు విందులో అన్నం, పప్పు, కూరలతోపాటు వడియాలు, వరుగులు కనిపిస్తాయి. ఎడతెగని వానలో వంటచెరకు తడిసి పొగ చిమ్ముతుంది గనుక ఆ ఇల్లాలు కొబ్బరి చిప్పలతో పొయ్యి మండించి వండుతుంది. చలికాలపు విందులో ఊరగాయలు చోటు చేసుకున్నాయి.

ఈ పద్యాలు వంకర కాయల గురించి చెప్పవు. అయితే రెండు విషయాలను స్పష్టం చేస్తాయి. మొదటిది, ఎండబెట్టి నిలవచేసిన కూర ఆనాటికే గౌరవనీయ అతిథికి వడ్డించదగిన పదార్థం; అది లేమికి గుర్తు కాదు. రెండవది, ఈ పొదుపు వెనుక ఒక స్త్రీ శ్రమ ఉంది. వానకాలపు విస్తరిలోని వరుగు వేసవి ఎండలో ఎవరో కోసి, ఆరబెట్టి, కాపాడినది.

4. కొలమానం మారిన తీరు

కొనేవాడు కాయను చేతితో పట్టి చూసే సంతలో లిఖిత ప్రమాణాల అవసరం తక్కువ. సరుకు దూరప్రాంతాలకు పోయినప్పుడు చూడని సరుకును నమ్మడానికి ఒక గుర్తు కావలసివచ్చింది. భారతదేశంలో 1937 నాటి వ్యవసాయోత్పత్తుల శ్రేణీకరణ, ముద్రణ చట్టం ఈ అవసరం నుంచి పుట్టింది. అగ్‌మార్క్ ముద్రకు మూలం ఇదే. కల్తీని అరికట్టి నమ్మకం కలిగించడంలో శ్రేణీకరణ చేసిన మేలు కాదనలేనిది.

ఈ తర్కం ఎంత దూరం పోగలదో ఐరోపా ఉదాహరణ చూపుతుంది. 1988లో చేసిన 1677వ నంబరు నిబంధన కీర దోసకు వంపు పరిమితి విధించింది. ఉత్తమ శ్రేణిలోనూ మొదటి శ్రేణిలోనూ ప్రతి 10 సెంటీమీటర్ల పొడవుకు వంపు 10 మిల్లీమీటర్లు దాటరాదు. నిటారు కాయలు పెట్టెలో ఒద్దికగా అమరుతాయి, లెక్కకు సులువు. వంకర కాయ రుచిలో తక్కువ కాకపోయినా శ్రేణిలో తక్కువయింది. విమర్శల అనంతరం 2009 జూలై 1 నుంచి 36 ఉత్పత్తులలో 26 ఉత్పత్తుల ప్రత్యేక ప్రమాణాలు రద్దయ్యాయి. యాపిల్, టమాటా, ద్రాక్ష వంటి 10 ఉత్పత్తులకు మాత్రం మిగిలాయి. వ్యాపార విలువలో ఎక్కువ భాగం ఆ పదింటిదే. 2013లో లిస్బన్‌లో మొదలైన ఫ్రూతా ఫేయా సహకార సంఘం, 2014లో ఫ్రాన్స్‌లో ఇంటర్‌మార్షే దుకాణాలు చేపట్టిన ప్రచారం వంకర కాయలను మళ్లీ కొనుగోలుదారుల ముందుకు తెచ్చాయి. చట్టం సడలినంత మాత్రాన కంటికి అలవాటైన కొలమానం సడలదని ఈ ప్రయత్నాల అవసరమే తెలుపుతుంది.

5. ముగింపు

పాత తెలుగు వంటిల్లు వృథాను తగ్గించింది గనుక దానికే తిరిగిపోవాలనడం సులభం. కాని వరుగు ఆరబెట్టడానికి మేడ, ఎండ, తీరిక కావాలి. అన్నిటికీ మించి ఒకరి శ్రమ కావాలి. ఆ శ్రమకు చరిత్రలో కూలి కట్టినవారు లేరు. తాండ్ర, పచ్చళ్లు, మామిడి గుజ్జు తయారీ పరిశ్రమలుగా మారిన చోట ఆ పనికి వేతనం ఏర్పడింది, రూపం చెడిన కాయకు ఒక గిరాకీ కూడా దొరికింది. ఆ గిరాకీలో రైతుకు దక్కే ధర ఎంత అన్నదే అసలు ప్రశ్న. మచ్చ ఉన్న కాయ తినదగినదైతే, దానిని పండించడానికి పట్టిన నీరు, ఎరువు, చాకిరీ మచ్చలేని కాయకు పట్టినంతే. కాబట్టి వంకర కాయను తినడమన్నది కొనుగోలుదారుని దయాగుణానికి సంబంధించిన విషయం కాదు; వాడినదానిని, పుచ్చినదానిని, కుళ్ళినదానిని వేరుచేసి చూడగలిగిన పాత వివేచనను అంగడి ధరలోకి తీసుకురావలసిన విషయం.