మాదాపోలం గుడ్డ కథ: విదేశీ వ్యాపారం మనకేమిచ్చింది?

బట్టల కొట్లో మాదాపోలం అని అడిగితే మెత్తటి తెల్ల నూలుగుడ్డ చూపిస్తారు. ఆ పేరు నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెంది. ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి మాదాపోలం అయింది.

1611లో ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో దిగింది. డచ్చివాళ్లు అంతకుముందే వచ్చారు. తర్వాత ఫ్రెంచివాళ్లు యానాంలో కూచున్నారు. పర్షియా, అర్మేనియా వర్తకులు సరేసరి. ఐరోపా కంపెనీల దగ్గర మనకి అమ్మడానికి పెద్దగా సరుకు లేదు. వెండి, బంగారం తెచ్చి గుడ్డ కొనేవాళ్లు. ఆ డబ్బు మగ్గం దగ్గరే ఆగలేదు. పత్తి రైతుకి, నూలు వడికే ఆడవాళ్లకి, అద్దకం వాళ్లకి, ఓడల్లో పనిచేసే కళాసులకి కూడా చేరింది.

కొనేవాళ్లు నలుగురున్నారు కాబట్టి నేసేవాడి మాటకి విలువుండేది. ధర నచ్చకపోతే బయానా తిరిగిచ్చేసి ఇంకొకరికి నేసుకునే వీలుండేది.

1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని కంపెనీ ఉత్తర సర్కారులను చేతిలో పెట్టుకుంది. దాంతో గుడ్డ కొనేవాడే శిస్తు వసూలు చేసేవాడయ్యాడు. ఇక అంత వెండి తేవలసిన పనేముంది? మన నేలమీద వసూలైన శిస్తుతోనే మన గుడ్డ కొన్నాడు. బయానా తీసుకున్నవాడు ఇంకెవరికీ నేయకూడదన్నాడు. కాపలాకి బంట్రోతుల్ని పెట్టాడు. గోదావరి ప్రాంతంలో మన పెద్దలు ఊరుకోలేదు, గుంపులుగా వెళ్లి అర్జీలు పెట్టారు, ఎదురు తిరిగారు. గుడ్డ ఎప్పటిలాగే ఓడ ఎక్కుతోంది గానీ, ఫలం ఇంటికి రావడం తగ్గిపోయింది.

1813లో కంపెనీ గుత్తవ్యాపారం రద్దయింది. అప్పటికే ఇంగ్లండులో మిల్లులు లేచాయి. అక్కడికి వెళ్లే మన గుడ్డ మీద భారీ సుంకం. ఇక్కడికొచ్చే వాళ్ల గుడ్డ మీద నామమాత్రం. చివరికి లాంకషైర్ మిల్లులు మాదాపోలం పేరుతోనే గుడ్డ తయారుచేసి మన దేశంలో అమ్మాయి.

కాబట్టి ఎగుమతి పెరిగిందంటే ఊరు బాగుపడిందని అనుకోకూడదు. కొనేవాళ్లు ఎంతమంది, ధర ఎవరు కడుతున్నారు, సుంకం ఎవరి చేతిలో ఉంది, ఈ మూడూ చూడాలి.

ఇవాళ మనవాళ్లు షోలాపూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, కంచిలో ఉన్నా ఎగుమతి ఆర్డరొస్తే సంతోషమే. తీసుకుందాం. కానీ మగ్గాలన్నీ ఒక్క షావుకారుకే కట్టిపెట్టొద్దు. నచ్చని బేరానికి బయానా తిరిగిచ్చేయగల నిధి ప్రతి సొసైటీ దగ్గరా ఉండాలి. మన పెద్దలకి ఒకప్పుడు ఉన్న బలం అదే.