గంజి తాగే ఎలుగుబంట్లు

సర్జాపుర ఉన్నది ఆనేకల్ తాలూకాలో. ఈ మెట్టనేలలో రాగి పండితే గింజ మనిషికి, గడ్డి ఎద్దుకి దక్కేది. రాగిపిండితో వండే, కన్నడిగులు ముద్దె అనేదాన్నే ఇక్కడి తెలుగువాళ్ళు సంకటి అంటారు. ఇదే తాలూకాలో, బన్నేరుఘట్టలోని ఎలుగుబంట్ల పునరావాస కేంద్రంలో ఆ రాగిపిండి మరో రకం కడుపు నింపింది. ఖలందర్ వర్గంవాళ్ళు వీధుల్లో ఆడించిన ఎలుగుబంట్లను అక్కడికి చేర్చి రాగి గంజి పోశారు. దేశంలో ఆఖరి ఆట ఎలుగుబంటిగా పేరుపడ్డ రాజు 2009లో చేరింది అక్కడికే. అడవి జంతువుకి వండిన గంజి ఏమిటి, చెదలూ పళ్ళూ తేనే పెట్టాలి గాని అనేవాళ్ళుంటారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అయితే బోనులో పెట్టిన తిండి చరిత్ర తిరగేస్తే, జంతువుల్ని దెబ్బతీసింది ఎక్కువగా వంట కాదు, తిండిలోంచి మనం తీసేసిన భాగం.

పందొమ్మిదో శతాబ్దం చివర బటావియాలో, అంటే నేటి జకార్తాలో, డచ్ వైద్యుడు క్రిస్టియాన్ ఐక్మాన్ పెంచిన కోళ్ళు కాళ్ళు పట్టుతప్పి కూలబడ్డాయి. అప్పట్లో వాటికి పెడుతున్నది సైనిక ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం. కొత్తగా వచ్చిన వంటవాడు సైన్యం అన్నం కోళ్ళకి పెట్టనన్నాడు. పాలిష్ పట్టని బియ్యం వేయగానే కోళ్ళు లేచి నిలబడ్డాయి. తవుడుతోపాటు పోయింది బి1 విటమిన్ అని తర్వాత తేలింది. ఐక్మాన్‌కి 1929లో నోబెల్ వచ్చింది. మరి మరపట్టని తిండైతే చాలా? లండన్ జూలో సింహం పిల్లలకి పచ్చి మాంసమే వేసేవారు, అయినా వాటి ఎముకలు వంకర్లు పోయాయి. వేసింది కొవ్వులేని గుర్రపు మాంసం, ఎముకలేమో పిల్లలు కొరకలేనంత గట్టివి. 1889 ప్రాంతంలో జాన్ బ్లాండ్ సటన్ అనే వైద్యుడు దంచిన ఎముకలు, కాడ్ చేప కాలేయపు నూనె కలపమన్నాక అవి కోలుకున్నాయి.

కంపెనీ మేతలకీ ఇదే తూకం. కొన్ని పిల్లి మేతల్లో టారిన్ అనే పోషకం చాలక పిల్లుల గుండె బలహీనపడుతోందని 1987లో బయటపడింది. టారిన్ పెంచాక ఆ జబ్బు బాగా తగ్గింది. తప్పు చేసిన ఫ్యాక్టరీయే తప్పు దిద్దింది కూడా. ఇక ఎలుగుబంటి సంగతి. దాని పై వరసలో నడిమి పళ్ళు రెండు ఉండవు. ముక్కు మూసుకుని, పెదవులు గొట్టంలా చాచి, ఆ సందులోంచి పుట్టలోని చెదల్ని పీల్చుకుంటుంది. ఆటకోసం కోరలు కూడా విరగ్గొట్టిన జంతువుకి మెత్తటి గంజి దయే. పైగా రాగి గింజ చిన్నది, పొట్టు సులువుగా ఊడదు, కాబట్టి పొట్టుతోనే పిండవుతుంది. వంద గ్రాముల రాగిలో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు. పాలిష్ బియ్యంలో పది ఉంటే గొప్ప. అలాగని రాగి ఒక్కటే ఎలుగుబంటి తిండి కాలేదు. గంజితో పళ్ళు, గుడ్లు, తేనె పెట్టడం అందుకే.

అడవిలో జంతువు తనకి కావలసింది తానే వెతుక్కుంటుంది. బోనులో మనం పెట్టిందే తినాలి. సర్జాపుర అపార్టుమెంట్లలో పిల్లినో కుక్కనో పెంచేవారికీ ఇది వర్తిస్తుంది. సంచి మీద ‘సహజం’ అన్న మాట చూసి మురిసిపోకండి. లోపలి తిండిలోంచి ఏం తీశారో, ఏం తిరిగి కలిపారో చదివాకే గిన్నెలో పోయండి.