కోఠీ రెసిడెన్సీ: వాస్తురూపం, దత్తమండలాల నేపథ్యం

పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్ల ఆంగ్ల గ్రామీణ సౌధానికి తెలుగునేలపై ప్రముఖ నిదర్శనం హైదరాబాదులోని కోఠీ రెసిడెన్సీ. 1803–1806 మధ్య మూసీ ఉత్తరపుటొడ్డున దీనిని కట్టించినవాడు ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. రూపకర్త మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. కిర్క్‌పాట్రిక్ 1805లోనే కలకత్తాలో మరణించాడు. పూర్తయిన భవనాన్ని అతడు చూడలేదు.

పదహారో శతాబ్ది ఇటలీ వాస్తువేత్త పల్లాడియో విల్లాలను ఆంగ్ల భూస్వాములు తమ ఎస్టేట్లకు నమూనాగా స్వీకరించారు. ఆ లక్షణాలన్నీ ఇక్కడ కనిపిస్తాయి: ఉత్తరాన ఎత్తైన కొరింథియన్ స్తంభాల ముఖమండపం, దానిపై త్రికోణఫలకం, మెట్లకిరువైపులా సింహాలు, లోపల విశాలమైన దర్బారు మందిరం. అయితే ఆవరణలోనే రెసిడెంటు భార్య ఖైరున్నీసా కోసం రంగమహల్ అనే జనానా వెలిసింది. ఇంగ్లండు విల్లాలో ఇటువంటి పరదా గృహానికి తావు లేదు. రంగమహల్ ఇప్పుడు లేదు. సౌధపు చిన్న నమూనా మాత్రం తోటలో మిగిలింది.

ఇంగ్లండులో అటువంటి ఇంటిని పోషించేది చుట్టూ ఉన్న భూమి శిస్తు. కోఠీ సౌధానికి అటువంటి ఎస్టేటు లేదు. నిర్మాణవ్యయాన్ని నిజామే భరించాడని జాన్ మాల్కం కథనం. కానీ రెసిడెంటు అధికారానికి ఆధారమైన సైన్యాన్ని పోషించిన భూమి దక్షిణాన ఉంది. 1800 అక్టోబరు 12న కిర్క్‌పాట్రిక్ కుదిర్చిన సంధి ప్రకారం, సైన్యసహకార వ్యయానికి బదులుగా నిజాం తనకు మైసూరు నుంచి దక్కిన ప్రాంతాలను కంపెనీకి ధారపోశాడు. అవే దత్తమండలాలు. ‘దత్తం’ అనే మాటలో ఇచ్చినవాడే ధ్వనిస్తాడు; ఆ నేలపై ఉన్న రైతు వినిపించడు. హైదరాబాదులో స్తంభాలు లేస్తున్న ఏళ్లలోనే, ప్రధాన కలెక్టరు థామస్ మన్రో (1800–1807) ఆ మండలాల పొలాలను కొలిపించి శిస్తు నిర్ణయిస్తున్నాడు.

నేటి దక్షిణ రాయలసీమ అంతా ఈ దానంలో భాగం కాదు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాలు 1801లో ఆర్కాటు నవాబు నుంచి సంక్రమించాయి. 1911లో కడప జిల్లా నుంచి చిత్తూరు జిల్లాలో చేరిన మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు మాత్రం దత్తమండలపు నేలే. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచనతో ‘దత్తమండలాలు’ పేరు ‘రాయలసీమ’గా మారింది. 1949 నుంచి రెసిడెన్సీ భవనం మహిళా కళాశాలకు నెలవైంది.