కోపెన్‌హాగెన్‌లో ఆమ్లానికి కొత్త నిర్వచనం

ఇరవయ్యో శతాబ్దపు తొలి పాతికేళ్లలో ఆమ్లాలు, క్షారాల అధ్యయనానికి డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ రెండుసార్లు దారి చూపింది. కార్ల్స్‌బర్గ్ బీరు కర్మాగారానికి అనుబంధంగా 1875లో ఏర్పడిన ప్రయోగశాలలో సోరెన్‌సెన్ 1909లో పీహెచ్ స్కేలును ప్రతిపాదించి, ద్రావణపు ఆమ్లత్వాన్ని ఒక చిన్న సంఖ్యలో చెప్పే వీలు కల్పించాడు. పద్నాలుగేళ్ల తరవాత అదే నగరపు విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన బ్రాన్‌స్టెడ్, అసలు ఆమ్లమంటే ఏమిటన్న ప్రశ్ననే తిరగదోడాడు.

అంతకుముందు పండితులు ఆమ్లత్వానికి కారణాన్ని పదార్థం లోపలే వెతికారు. ఆమ్లాలన్నిటిలో ఆక్సిజన్ ఉండి తీరాలన్న లావోయిజర్ అభిప్రాయం, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో హైడ్రోజన్, క్లోరిన్ తప్ప మరేమీ లేవని 1810 ప్రాంతంలో డేవీ చూపడంతో నిలవలేకపోయింది. నీటిలో హైడ్రోజన్ అయాన్లనిచ్చేది ఆమ్లమనీ, హైడ్రాక్సైడ్ అయాన్లనిచ్చేది క్షారమనీ స్వీడన్ శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ 1880లలో చెప్పిన సిద్ధాంతం ఎంతో మేలైనదే గాని, నీరు లేనిచోట దానికి పట్టు చిక్కదు. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా, గాఢ అమ్మోనియా సీసా మూతలు తీసి పక్కపక్కన పెడితే, వాటి మూతుల మీద గాలిలోనే దట్టమైన తెల్లని పొగ కమ్ముకుంటుంది. అది అమ్మోనియం క్లోరైడ్ అనే లవణపు సన్నని రేణువుల గుంపు. అమ్మోనియా అణువులో హైడ్రాక్సైడ్ లేకపోయినా అది ఇక్కడ నిస్సందేహంగా క్షారంలా ప్రవర్తిస్తోంది.

1923లో ఒక డచ్ పత్రికలో వెలువడిన వ్యాసంలో బ్రాన్‌స్టెడ్ ఈ చిక్కును ఒక్క సమీకరణంతో విప్పాడు. హైడ్రోజన్ పరమాణువు తన ఏకైక ఎలక్ట్రాన్‌ను కోల్పోగా మిగిలే కేంద్రకమే ప్రోటాన్. దానిని వదలగలిగేది ఆమ్లం, అందుకోగలిగేది క్షారం. అందువల్ల ప్రతి ఆమ్లమూ ప్రోటాన్‌ను వదిలాక ఒక క్షారాన్ని మిగులుస్తుంది. అసిటిక్ ఆమ్లం నుంచి అసిటేట్ అయాన్, అమ్మోనియం అయాన్ నుంచి అమ్మోనియా అలా మిగిలేవే. ఇటువంటి రెండింటిని కలిపి కాంజుగేట్ జంట అంటారు. విద్యుదావేశం ఉన్న అయాన్లు సైతం అణువులతో సమానంగా ఆమ్లాలు, క్షారాలు కావచ్చునని ఒప్పుకోవడమే ఈ నిర్వచనంలోని అసలైన సాహసం.

అదే ఏడాది కేంబ్రిడ్జ్ ఆచార్యుడు లౌరీ వేరుగా ఈ భావానికే చేరాడు. స్పష్టమైన నిర్వచనం ఘనత బ్రాన్‌స్టెడ్‌దే అయినా, ప్రోటాన్ ఒంటరిగా ఉండలేదనీ, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు నీటితో కలిసినప్పుడే బలమైన ఆమ్లమవుతుందనీ గుర్తించడంలో లౌరీ చూపు చాలా లోతైనది. ఆ కలయికలో నీరు ప్రోటాన్‌ను అందుకుని హైడ్రోనియం అయాన్ అవుతుంది. అదే నీరు అమ్మోనియా ఎదుట ప్రోటాన్‌నిచ్చే పక్షం వహిస్తుంది. ఆమ్లత్వం ఒక పదార్థపు సొంత గుణంగా కాక, రెండు పదార్థాల మధ్య సంబంధంగా తేలింది ఇక్కడే.

మరుసటి ఏడాది బ్రాన్‌స్టెడ్, తన సహచర శాస్త్రజ్ఞుడు పెడర్సెన్‌తో కలిసి నైట్రమైడ్ అనే పదార్థం నైట్రస్ ఆక్సైడ్ వాయువుగా, నీరుగా విడిపోయే వేగాన్ని కొలిచాడు. హైడ్రాక్సైడ్ ఒక్కటే కాదు, కొత్త నిర్వచనం ప్రకారం క్షారాలైన అసిటేట్ వంటివి కూడా ఆ చర్యను త్వరపరచాయి. క్షారం ఎంత బలమైనదైతే చర్య అంత వేగంగా సాగింది.