ఆకాశమునుండి వచ్చిన వార్తలు



మా ఊరు పల్నాటిలోని పిడుగురాళ్ల. పిడుగు అను మాటయు, రాళ్లు అను మాటయు కలిసిన పేరది. మా నేలలో రాతికి కొదువ లేదు. అయితే అది సున్నపురాయి. దానిని బట్టీలలో కాల్చి, సున్నము చేసి అమ్ముట మావారిలో పలువురకు జీవనము. ఇట్టి పేరుగల ఊర పుట్టినందుననో యేమో, ఆకాశమునుండి ఏదియో పడినదనియో, పడబోవుచున్నదనియో వార్త వచ్చినప్పుడెల్ల నా చెవులు నిక్కుచుండును. అట్టి వార్తలు మన పల్లెలను ఏ తీరున చేరెనో, విన్నవారు ఏమి చేసిరో నేడు మీతో ముచ్చటింపదలచితిని.

మొదట రాళ్ల సంగతి. ఆకాశమునుండి రాళ్లు పడగా కన్నులార చూచితిమని పల్లెవారు అనేక దేశములలో చెప్పుచు వచ్చిరి. పండితులు నమ్మలేదు. 1768లో ఫ్రాన్సుదేశమున లూసె అను గ్రామముకడ పొలములో పనిచేయువారు ఉరుమువంటి ధ్వని విని తలయెత్తి చూడగా, ఒక రాయి వచ్చి నేల బడెను. అది పారిసునగరమునందలి విజ్ఞానపరిషత్తునకు చేరెను. పరీక్షించినవారిలో లవాయిజే ఒకడు. ఆధునిక రసాయనశాస్త్రమునకు జనకుడని కీర్తి గన్న మహానుభావుడు. వారు తేల్చినదేమనగా, ఇది ఆకాశమునుండి పడినది కాదు, భూమిమీదనున్న రాతికే పిడుగు తగిలినది అని. అనగా మా ఊరి పేరే వారి సిద్ధాంతమాయెను! 1803 ఏప్రిలు 26వ తేదీన అదే దేశమున లేగ్ల్ అను ఊరి పరిసరములలో సుమారు 3,000 రాళ్లు ఒక్కసారిగా కురిసినవి. బియో అను యువశాస్త్రజ్ఞుడు ఊరూర తిరిగి, చూచినవారిని అడిగి, రాళ్లు పడిన తావులను గుర్తించి నివేదిక వ్రాసెను. అంతట పండితలోకము ఒప్పుకొన్నది. కన్నులార చూచిన కూలివాని మాట చెల్లుటకు ముప్పదియైదేండ్లు పట్టినది.

ఇది చెప్పి మన ఇంటి సంగతి దాచుట న్యాయము కాదు. 1962 ఫిబ్రవరి మొదటివారమున అష్టగ్రహకూటమి సంభవించినది. మకరరాశియందు సూర్యచంద్రులు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని, వీరితో కేతువు కూడిరి. దేశమంతట హోమములు, భజనలు సాగినవి. అప్పటికి నేను నిండ ఏడాది లేని పసివాడను. ఆ మూడు దినములు మా అమ్మ నన్ను ఒడి దింపలేదట. జ్యోతిషము కొంత చదివినవాడను గనుక ఒక మాట చెప్పుదును. గ్రహములు ఒక రాశిలో కూడుట యనగా మన కంటికి ఒక దిక్కున కనబడుటయే గాని, ఒకదానినొకటి ఒరసికొనుట కాదు. అందులో కేతువు పదార్థమే కాదు, చంద్రుని మార్గము సూర్యుని మార్గమును ఖండించు బిందువు. ఈ సంగతి మన సిద్ధాంతగ్రంథములు చదివినవారికి తెలియనిది కాదు. తెలిసినవారు ఆనాడు గొంతెత్తి చెప్పక ఊరకుండుటయే నాకు నచ్చని విషయము.

ఇక మీలో పలువురకు జ్ఞాపకమున్న స్కైలాబు కథ. అమెరికావారు 1973 మే 14న దానిని పైకి పంపిరి. బరువు సుమారు 77 టన్నులు. మూడు జట్లవారు ఒకరి తరువాత ఒకరు అందులో నివసించి, సూర్యుని పరిశీలించిరి. కడపటి జట్టు 1974 ఫిబ్రవరిలో దిగివచ్చినది. పిమ్మట అది పాడుపడిన సత్రమువలె భూమిచుట్టు తిరుగుచుండెను. క్రొత్తగా కట్టుచున్న వాహనముతో దానిని మరికొంత పైకి నెట్టవచ్చునని వారి తలంపు. ఆ వాహనము 1981 వరకు ఎగురనే లేదు. ఇంతలో సూర్యునియందు అలజడి హెచ్చినది. ఆ వేడికి మన వాయుమండలపు పైపొర ఉబ్బి, ఆ పలుచని గాలియే అడ్డుపడి, దానిని నానాటికి క్రిందికి దించుచు వచ్చినది. ఏ సూర్యుని చూచుటకు పోయెనో ఆ సూర్యుడే దానిని పడద్రోసెననవచ్చును.

1979 వేసవి గడచునప్పటికి ఈ వార్త మా ఊరు చేరినది. నాకప్పుడు పదునెనిమిదేండ్లు, భాషాప్రవీణకు చదువుచుంటిని. పంచాయతి కార్యాలయముకడ సాయంకాలము రేడియో పెట్టెడివారు. అరుగుమీద నలుబదిమంది కూర్చుండి వినుచుండిరి. రేడియోలో వచ్చినది ఒకటి. అరుగు దిగి వీథుల వెంబడి పోవునప్పటికి అది వేరొకటి. పడవచ్చును అని చెప్పినది పడును అయ్యెను. ఎక్కడ పడునో చెప్పజాలము అన్నది, చెప్పరాదని దాచుచున్నారు అయ్యెను. మానవులలో ఎవనికైనను దెబ్బ తగులుటకు 152లో ఒక వంతు అవకాశమున్నదని అమెరికావారు లెక్క గట్టిరి. ఈ లెక్కను సరిగా చదువవలెను. లోకమునందలి కోట్లాది జనులలో ఏదో ఒకరికి తగులుటకు అంత యవకాశము. ఫలానా మనిషికే తగులుటకు సుమారు 60,000 కోట్లలో ఒక వంతు. మా వీథికి చేరినది ఆ 152 మాత్రమే. మిగిలిన సున్నలన్నియు దారిలో జారిపోయినవి.

మా ప్రక్కవీథిలోని ఒక రైతు తనకున్న ఆరు మేకలను సగము వెలకు అమ్మివేసెను. కొన్నవాడు పొరుగూరి వర్తకుడు. లోకము మునుగునని అతనికి భయము లేదు కాబోలు! కొందరు కోళ్లను కోసి తినిరి. ఎట్లును పోవువారమే గదా, తినియే పోవుదము అని వారి వాదము. అప్పు తీర్చవలసినవారు తీర్చలేదు, అప్పు పెట్టువారు పెట్టలేదు. ఒక అవ్వ గుంటూరులో చదువుచున్న మనుమని, మాచెర్ల రైలులో తానే పోయి వెంటబెట్టుకొని వచ్చినది. చచ్చినను అందరము ఒక్కచోట చత్తము, అన్నది.

జూలై 11వ తేదీ, మన గడియారమున రాత్రి పది దాటిన వేళ, స్కైలాబు వాయుమండలమున ప్రవేశించి, ముక్కలై, కొంత హిందూమహాసముద్రమునను, కొంత ఆస్ట్రేలియాదేశపు పడమటి ప్రాంతమునను పడెను. ఎవరికిని గాయమైనను తగులలేదు. మరునాటి ఉదయమునుండి నవ్వులు మొదలైనవి. మేకలమ్మిన రైతును చూచి నవ్వనివారు లేరు. తరువాత ఎన్నో యేండ్లు పత్రికలలో, సభలలో, ఆనాటి పల్లెజనుల అమాయకత్వమును గూర్చి హాస్యముగా చెప్పుకొనుట నేను విన్నాను. ఈ నవ్వు నాకు ఎన్నడును రుచింపలేదు.

ఏమందురా? 1977 నవంబరు 19వ తేదీని తలచుకొనుడు. దివిసీమ ఉప్పెనలో పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. తుపాను వచ్చునని తెలిసినచోటను, సముద్రము ఆ ఎత్తున ఊళ్లమీదికి లేచునని ఊహించినవారు లేరు. మా ఊరినుండి కృష్ణాతీరమునకు బంధుత్వములున్నవి. శవములను గుర్తుపట్టుటకు పోయి వచ్చినవారు మా వీథిలోనే యున్నారు. అది జరిగి ఇరువదినెలలు నిండలేదు. 1979 మే నెలలోనే ఒంగోలు నెల్లూరుల ప్రాంతమున మరియొక పెనుతుపాను తీరము దాటినది. ఇట్టివారికి రేడియోలో ఆకాశమునుండి ఆపద యను మాట వినబడెను. ఒక పర్యాయము తక్కువగా తలచి చెడినవారు రెండవ పర్యాయము ఎక్కువగా తలచిరి. దీనిని అమాయకత్వమని నేననజాలను. ఆరు మేకలమ్మినవాని లెక్క తప్పు గావచ్చును. అతనికి ఆ లెక్కను విప్పి చెప్పినవాడు మా ఊరిలో ఒక్కడును లేకుండుట అతని తప్పు గాదు.

ఆస్ట్రేలియాలో ఎస్పెరాన్సు అను ఊరి స్థానికపాలకులు, మా ఊరిలో చెత్త వేసితిరని అమెరికా అంతరిక్షసంస్థకు 400 డాలర్ల జరిమానా విధించిరి. పరిహాసమునకే విధించిరను కొనుడు. సంస్థ చెల్లింపలేదు. ముప్పదియేండ్లకు, 2009లో, అమెరికాలోని ఒక రేడియో వ్యాఖ్యాత శ్రోతలకడ చందాలు పోగుచేసి కట్టివేసెను. అచ్చట ముక్కలు పడినవి గనుక చిట్టా తయారైనది. మనయెడ పడినది వార్త మాత్రమే. దానివలన పోయిన మేకలకు, కోళ్లకు, ఆగిన పైరుపెట్టుబడులకు చిట్టా వ్రాసినవారు లేరు. ఆ నెలలో పుట్టిన పిల్లలకు కొన్నిచోట్ల స్కైలాబు అని పేరు పెట్టిరి. మనకు మిగిలిన దస్తావేజు అదియొక్కటే.

ఇంకొక విశేషము. స్కైలాబు పడిన నెలదినములకు, 1979 ఆగస్టు 10న, మన శ్రీహరికోటనుండియే ఎస్.ఎల్.వి.-3 అను రాకెట్టు మొదటిసారి లేచి, కక్ష్యను చేరక బంగాళాఖాతమున పడెను. 1980 జూలై 18న రెండవ ప్రయత్నము ఫలించెను. పైనుండి పడువానికి భయపడిన తెలుగునేలయే, నెల తిరుగకుండ, పైకి పంపుటకును పూనుకొన్నది.

ఆ 1979లోనే అమెరికాలో ఆస్టెరాయిడ్స్ అను యంత్రపుటాట విడుదలయ్యెను. చీకటి తెరమీద ఒక చిన్ని ఓడ; నలువైపులనుండి వచ్చు రాళ్లు; వానిని పేల్చుటయో, తప్పుకొనుటయో ఆట. దాని వంశమునకు చెందిన ఆటను మా మనుమడు ఫోనులో ఆడుచుండగా ప్రక్కన కూర్చుండి చూచితిని. వానికి మూడు ప్రాణములున్నవట. ఒకటి పోయినను నవ్వుచునే యున్నాడు. రాతిని తప్పించుటకు వాని చేతిలో మీట యున్నది; 1979లో అరుగుమీద కూర్చున్నవారికి అట్టి మీట లేకుండెను. ఈ ఆటలను నేను తిట్టను. కోడిపోరులో పంతము పెంచుకొని కారెంపూడి రణము వరకు పోయిన కథను తరతరములుగా చెప్పుకొను సీమవారము. ఆటలో చెడుగు ఆటవలననా పణమువలననా అని మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఆటలనుగూర్చిన వార్త మాత్రము వేరు. 2017లో బ్లూవేల్ అను ఆట పిల్లలను ప్రాణత్యాగమునకు పురికొల్పుచున్నదని దేశమంతట గగ్గోలు పుట్టెను. నేనప్పటికి ఉద్యోగములోనే యున్నాను. తల్లిదండ్రులు బడికి వచ్చి, పిల్లల ముంజేతులమీద గాట్లున్నవేమో చూడుమని కన్నీరు పెట్టుకొనిరి. 2018 జనవరిలో కేంద్రప్రభుత్వము లోకసభలో, విచారింపబడిన మరణములలో దేనికిని ఆ ఆటతో సంబంధము రుజువు కాలేదని తెలిపినది. బడికి వచ్చిన తల్లులలో ఈ రెండవ వార్త విన్నవారు ఎందరో వ్రేళ్లమీద లెక్కింపవచ్చును.

ఆకాశమునుండి ఏదియు పడదని నేను చెప్పుట లేదు. 2022 ఏప్రిలు 2వ తేదీ రాత్రి మన పొరుగున, మహారాష్ట్రములోని చంద్రపూరు జిల్లాలో, పెద్ద ఇనుపకడియమువంటి లోహచక్రమును, గుండ్రని పాత్రలును ఊళ్లకడ పడినవి. అవి రాకెట్టు శకలములే. వాని వ్యాసము, బరువు చూచినవారెవరును స్కైలాబు భయమును చూచి నవ్వరు.

కడపటిది నిన్నమొన్నటి సంగతి. 2024 డిసెంబరు 27న చిలీదేశములోని దూరదర్శినికి సుమారు 60 మీటర్ల గ్రహశకలమొకటి కనబడెను. 2024 వై.ఆర్.4 అని పేరు పెట్టిరి. 2032 డిసెంబరు 22న అది భూమిని తాకవచ్చుననిరి; తాకినచో పడదగిన దారిలో మన దేశమును చేరియున్నది. మొదట నూటికి ఒకటి యనిరి, పిదప రెండనిరి, 2025 ఫిబ్రవరి 18 నాటికి నూటికి 3.1 అనిరి. ఫోనులు మ్రోగినవి. ఒక పెద్ద మా యింటికి వచ్చి, “అయ్యవారూ, ముప్పైరెండులో పడుద్దంట గదా, అంకె రోజురోజుకీ పెరుగుతుందంట. మనవరాలి పెళ్లి ఈ మాఘంలోనే చేసేద్దామనుకుంటున్నాం” అనెను. పిల్లకు పదునారేండ్లు.

నేను ఇట్లు చెప్పితిని. మన ఎద్దు తప్పిపోయినదనుకొందము. అది పది ఊళ్లలో ఎక్కడనైన నుండవచ్చును. మన ఊర నుండుటకు పదింట ఒక వంతు. ఐదూళ్లు వెదకి లేదని తేలినచో, మన ఊరి వంతు ఐదింట ఒకటి యగును. ఎద్దు మనవైపు నడచినందున కాదు, వెదకుట సాగినందున. తుదకు మన ఊరును వెదకి లేదన్నచో ఆ వంతు సున్న. ఆ రాయి దారిని కొలుచుటయు ఇట్టిదే. అంకె పెరిగినంతమాత్రమున ఆపద పెరిగినదని కాదు. వారమాగుడు, అంటిని. ఆగిరి. వారము తిరుగకుండ అంకె దాదాపు సున్నకు దిగెను. ఆ సంగతి ఎవరి ఫోనుకును రాలేదు. నేనే పత్రిక చేతబట్టుకొని పోయి చదివి వినిపించితిని. ఆ పిల్ల ఇప్పుడు నరసరావుపేటలో ఇంటరు చదువుచున్నది.