ఇష్టం ఎవరిది? రాంచీలో నలుగురు ఆదివాసీ కన్యస్త్రీల చరిత్ర

మన ఏజెన్సీ గ్రామాల్లో, బడుల్లో, హాస్టళ్లలో, ఆసుపత్రుల్లో సిస్టర్లను చూడని పిల్లలు తక్కువ. "సిస్టర్ కావాలంటే ఎన్నేళ్లు ఉండాలి? ఎంత చదవాలి? మన ఆదివాసీ పిల్లల్ని తీసుకుంటారా?" అని ఆడపిల్లలు అడుగుతుంటారు. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు కథోలిక శ్రీసభ చట్టంలో ఉంది. మూడోదానికి జవాబు చరిత్రలో ఉంది. ఆ జవాబును నలుగురు ఆదివాసీ ఆడపిల్లలు 1897లో రాంచీలో రాశారు.

ఎవరినైనా మఠంలోకి పొమ్మని గానీ, పోవద్దని గానీ చెప్పడం ఈ వ్యాసం పని కాదు. ఏ మతంలో ఉన్నా, ఏ మతంలో లేకపోయినా మన పిల్లలు ఈ చరిత్ర తెలుసుకోవాలి. ఒక ఆడపిల్ల తన జీవితం గురించి తానే నిర్ణయం తీసుకుంటే ఎవరెవరు అడ్డం వస్తారో, ఆ అడ్డు ఎలా తొలగుతుందో ఇందులో కనిపిస్తుంది.

ఛోటానాగపూర్ నేల

నేటి ఝార్ఖండ్‌లోని రాంచీ చుట్టుపక్కల ప్రాంతం ముండా, ఒరాన్, ఖరియా ప్రజల నేల. వీరిలో ఒరాన్లు మనకు భాష వైపు నుంచి చుట్టాలు. వారు మాట్లాడే కుడుఖ్ భాష గోండి, కోయ, కువి, తెలుగు భాషలున్న ద్రావిడ కుటుంబంలోనిదే. మనకు ఇంటిపేర్లు, గట్టులు ఉన్నట్టే వారికీ గోత్రాలున్నాయి. ఒక్కో గోత్రానికి ఒక చెట్టో, జంతువో గుర్తు. కిస్పొట్టా అనేది అలాంటి గోత్రమే. 'కిస్' అంటే పంది, 'పొట్టా' అంటే పేగులు. ఆ రెండో మాట వినగానే తెలుగువాడికి తన 'పొట్ట' గుర్తుకొస్తుంది.

పందొమ్మిదో శతాబ్దం చివరికి ఈ ప్రజల భూములు జమీందార్ల చేతుల్లోకి, వడ్డీ వ్యాపారుల చేతుల్లోకి పోతున్నాయి. వెట్టిచాకిరీ పెరిగింది. కోర్టుల్లో ఆదివాసీ మాట వినేవాడు లేడు. 1885లో కాన్‌స్టంట్ లీవెన్స్ అనే బెల్జియం దేశపు జెసూట్ గురువు ఆ ప్రాంతానికి వచ్చాడు. భూమి తగాదాల్లో ఆదివాసీల పక్షాన నిలిచి, కోర్టు పనుల్లో సాయం చేశాడు. ఆ రోజుల్లోనే వేలమంది ముండాలు, ఒరాన్లు కథోలికులయ్యారు. 1890లో లొరెటో సిస్టర్లు రాంచీకి వచ్చి ఆడపిల్లలకు బడి పెట్టారు. మరోవైపు బిర్సా ముండా నాయకత్వంలో ఉల్గులాన్ 1899 చివర్లో రగిలింది. 1900 జూన్ 9న బిర్సా రాంచీ జైలులో మరణించాడు. మనం చెప్పుకోబోయే నలుగురు ఆడపిల్లలు ఆ కాలంలో అదే రాంచీలో ఉన్నారు.

నలుగురు

బెర్నదెత్ కిస్పొట్టా 1878లో ఒక ఒరాన్ కుటుంబంలో పుట్టింది. బిర్సా కంటే సుమారు మూడేళ్లు చిన్నది. లొరెటో సిస్టర్ల దగ్గర చదువుకుంది. వారి జీవితం దగ్గర నుంచి చూసి, తానూ పెళ్లి చేసుకోకుండా అలాగే బతుకుతానని నిశ్చయించుకుంది. సిసిలియా, వెరోనికా, మేరీ అనే మరో ముగ్గురు ఆదివాసీ పిల్లలు ఆమెతో కలిశారు.

మొదటి అడ్డు ఇంట్లోనే వచ్చింది. ఒరాన్, ముండా సమాజాల్లో ఆనాటికి పెళ్లి లేని ఆడబతుకు అనే ఊహే లేదు. ఆచారం ప్రకారం భూమి కొడుకులది. కూతురికి పెళ్లయ్యేదాకా పుట్టింట్లో తిండీ బట్టా, ఆ తర్వాత అత్తింటి గోత్రం. మరి పెళ్లే వద్దన్న పిల్ల చివరిదాకా ఎవరింటి మనిషి? ఆమెకు ముసలితనంలో ఎవరు దిక్కు? ఇవి పెద్దలకు నిజమైన భయాలు. ఒంటరి ఆడవాళ్ల మీద మంత్రగత్తె అని ముద్ర వేసి హింసించిన చరిత్ర కూడా ఆ నేల మీద ఉంది. తల్లిదండ్రులు వద్దనడంలో మొండితనం ఒక్కటే లేదు, బిడ్డ ఏమైపోతుందోనన్న దిగులూ ఉంది.

రెండో అడ్డు మఠం వైపు నుంచే వచ్చింది. ఆదివాసీ ఆడపిల్లలు పెళ్లి లేకుండా జీవితాంతం కట్టుబాటుతో ఉండగలరా అని ఐరోపా మిషనరీలు సందేహించారు. బడి చెప్పడానికీ, జ్ఞానస్నానం ఇవ్వడానికీ లేని సందేహం, తమలో ఒకరిగా చేర్చుకునే దగ్గర వచ్చింది.

ఆ నలుగురూ వెనక్కి తగ్గలేదు. చివరికి కలకత్తా అగ్రపీఠాధిపతి పాల్ గోథల్స్ అనుమతి ఇచ్చాడు. 1897 జూలై 26న, పునీత అన్నమ్మ పండుగ రోజున, వారి సభ మొదలైంది. అందుకే దానికి 'పునీత అన్నమ్మ కుమార్తెలు' అని పేరు. అప్పటికి బెర్నదెత్‌కు 19 ఏళ్లు నిండాయి. నాలుగేళ్ల శిక్షణ తర్వాత 1901లో నలుగురూ మొదటి మాటపట్టు ఇచ్చారు. పేదరికం, కన్యత్వం, విధేయత ఈ మూడూ పాటిస్తామని దేవుని ఎదుట చెప్పడమే మాటపట్టు.

చట్టం ఏం చెప్పింది?

ఆ రోజుల్లో ఈ విషయంలో శ్రీసభకు ఆధారం 1563లో ట్రెంటు మహాసభ చేసిన కట్టడలు. ఐరోపాలో అప్పటికి ఒక దురాచారం ఉండేది. కట్నం ఇచ్చి పెళ్లి చేయలేని కుటుంబాలు ఆడపిల్లల్ని చిన్న వయసులోనే మఠాల్లో వదిలేసేవి. దానికి అడ్డుకట్టగా మహాసభ మూడు మాటలు చెప్పింది. కనీసం ఒక సంవత్సరం పరీక్షాకాలం గడవకుండా, 16 ఏళ్లు నిండకుండా మాటపట్టు చెల్లదు. పన్నెండేళ్లు దాటిన పిల్ల మఠ వస్త్రం కోరితే, ఎవరైనా బలవంతం చేశారా, ఆశ పెట్టారా, తాను చేసేదేమిటో ఆమెకు తెలుసా అని పీఠాధిపతి విచారించాలి. ఏ స్త్రీనైనా బలవంతంగా మఠంలో చేర్చేవారికీ, సరైన కారణం లేకుండా చేరకుండా ఆపేవారికీ ఒకే శిక్ష, వెలి.

ఈ మూడో మాట గమనించండి. నెట్టేవాడూ, ఆపేవాడూ అక్కడ సమానంగా తప్పు చేసినవారే. ఆ లెక్కన చూస్తే రాంచీ పిల్లలకు చట్టం ఎక్కడా అడ్డు లేదు. బెర్నదెత్ వయసు సరిపోయింది, ఇష్టం ఆమెదే. ఆదివాసీలు పనికిరారని ఏ కట్టడలోనూ రాసి లేదు. కాగితం మీద లేని అర్హత ఒకటి మనుషుల మనసుల్లో ఉంది. నలుగురూ దాటవలసి వచ్చింది దాన్నే.

అదే కాలంలో ఫ్రాన్సులో జరిగిన ఒక సంగతి దీనికి పక్కన పెట్టి చూడవచ్చు. లిసియూ పట్టణపు తెరేజా అనే పిల్ల కార్మెల్ మఠంలో చేరాలనుకుంది. చాలా చిన్నదానివి, ఆగమన్నారు. ఆమె 1887లో రోముకు వెళ్లి స్వయంగా పోపుగారినే అడిగింది. 1888లో 15 ఏళ్ల వయసులో చేరింది. అక్కడ చర్చ అంతా ఏళ్ల గురించే. ఫ్రెంచి పిల్ల మఠ జీవితానికి పనికొస్తుందా అని ఎవరూ అడగలేదు. రాంచీలో మాత్రం ఆదివాసీ పిల్ల పనికొస్తుందా అన్నదే ప్రశ్న.

నేటి నియమాలు

శ్రీసభ చట్టాలన్నీ ఒకే గ్రంథంగా 1917లో వచ్చాయి. ఆ గ్రంథం ప్రకారం 15 ఏళ్లు నిండితే నవశిష్యరికంలో చేరవచ్చు, 16 నిండితే మొదటి మాటపట్టు, 21 నిండితే జీవితకాలపు మాటపట్టు. ఇప్పుడు అమల్లో ఉన్నది 1983 నాటి గ్రంథం. అది వయసును పెంచింది. నవశిష్యరికానికి 17 ఏళ్లు, మొదటి మాటపట్టుకు 18 ఏళ్లు, జీవితకాలపు మాటపట్టుకు 21 ఏళ్లు నిండాలి. నవశిష్యరికం కనీసం 12 నెలలు. మొదటి మాటపట్టుకూ చివరి మాటపట్టుకూ మధ్య కనీసం మూడేళ్లు గడవాలి.

పై వయసుకు ఆ గ్రంథంలో హద్దు లేదు. చదువుకూ హద్దు లేదు. పదో తరగతి, ఇంటర్ లాంటి షరతులు, ఇన్నేళ్లు దాటితే తీసుకోమనే షరతులు ఒక్కో సభ తన నియమావళిలో పెట్టుకుంటుంది. ఒక సభ కాదన్నంత మాత్రాన అన్నీ కాదన్నట్టు కాదు. భర్త పోయిన స్త్రీకి కూడా దారి ఉంది. అమెరికాలో ఎలిజబెత్ ఆన్ సీటన్ ఐదుగురు పిల్లల తల్లి, భర్తను పోగొట్టుకున్నది. 1809లో ఆమే ఒక కన్యస్త్రీల సభను స్థాపించింది. వివాహబంధం కొనసాగుతున్నవారిని మాత్రం చేర్చుకోకూడదు.

వయసు కాక మరికొన్ని అర్హతలున్నాయి. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం పొందినట్టు, పెళ్లి బంధంలో లేనట్టు రుజువులు ఇవ్వాలి. ఆరోగ్యం, తగిన స్వభావం, మనసు ఎదుగుదల ఉండాలి. తీర్చలేని అప్పులు ఉన్నవారిని తీసుకోకూడదు. బలవంతం వల్లగానీ, భయం వల్లగానీ, మోసం వల్లగానీ చేరితే ఆ చేరిక అసలు చెల్లదు. పాత రోజుల్లో ఐరోపా మఠాలకు పిల్ల పుట్టింటి నుంచి కట్నం తీసుకెళ్లవలసి వచ్చేది. 1983 గ్రంథంలో కట్నం మాటే లేదు. మన సమాజాల్లో మగపెళ్లివారు ఓలి ఇచ్చి పిల్లను తీసుకెళతారు. అక్కడేమో పిల్లే సొమ్ము తీసుకెళ్లేది. రెండిట్లోనూ పిల్ల వెనక ఒక సొమ్ము లెక్క ఉంది. ఆ లెక్క పోయినచోట ఆమె మాటకు విలువ పెరుగుతుంది.

ఈ మెట్లు ఎంత నెమ్మదిగా ఎక్కాలో అందరికీ తెలిసిన మదర్ తెరిసా జీవితం చెబుతుంది. ఆమె 1928లో 18 ఏళ్ల వయసులో లొరెటో సభలో చేరింది. బెర్నదెత్‌కు చదువు చెప్పిన సభే అది. మొదటి మాటపట్టు 1931లో, చివరిది 1937లో ఇచ్చింది. అంటే దాదాపు తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లూ మఠం ఆమెను చూసింది, ఆమె మఠాన్ని చూసింది.

మన పిల్లలు తెలుసుకోవలసినవి

ఉపాధ్యాయులు కొన్ని సంగతులు విడమరిచి చెప్పాలి. 17 ఏళ్లు నిండకముందు ఒక పిల్ల కాన్వెంటు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నా, సిస్టర్ అవుతానని చెప్పినా, ఆమె ఇంకా నవశిష్యురాలు కాదు. ఆమె ఏ మాటా ఇవ్వలేదు, ఎప్పుడైనా ఇంటికి రావచ్చు. నవశిష్యరికంలో ఉన్నప్పుడూ వెళ్లిపోవచ్చు. మొదటి మాటపట్టు గడువు తీరాక కొనసాగాలా వద్దా అన్నది ఆమె నిర్ణయించుకోవచ్చు. తిరిగి వచ్చిన పిల్లను చెడిపోయినదానిలాగా చూసే ఊరు, ఆమెకు చట్టం ఇచ్చిన స్వేచ్ఛను లాగేసుకున్నట్టే.

ఆస్తి సంగతి కూడా చెప్పాలి. మొదటి మాటపట్టుకు ముందే ఆమె తన ఆస్తి నిర్వహణ ఎవరికో ఒకరికి అప్పగించాలి. చివరి మాటపట్టుకు ముందు దేశ చట్టం ప్రకారం చెల్లే వీలునామా రాయాలి. సభ వదిలి వచ్చినవారు తాము చేసిన పనికి ఇంత ఇమ్మని హక్కుగా అడగలేరు. అయితే వారి పట్ల న్యాయంగా, దయతో నడుచుకోవాలని సభకు అదే గ్రంథం చెబుతోంది. భూమే ప్రాణమైన మన కుటుంబాలు ఈ సంగతులు చేరేముందే కూర్చుని మాట్లాడుకోవాలి. మరో మాట. మతం మారినా, కన్యస్త్రీ అయినా షెడ్యూల్డు తెగ హోదా పోదు. 1950 నాటి షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు.

పెద్దలు అడగవలసిన ప్రశ్న మాత్రం 1563 నాటిదే. ఎవరైనా బలవంతం చేశారా? ఏదైనా ఆశ పెట్టారా? చేసేదేమిటో నీకు తెలుసా? ఇంట్లో తిండి లేదని, చదివించే స్తోమత లేదని పిల్లను మఠానికి పంపితే అది ఆమె ఇష్టం అనిపించుకోదు. పిల్ల నిజంగా కోరుకున్నప్పుడు, పెళ్లి కావలసిందేనని కాళ్లు చేతులు కట్టేయడమూ అంతే. ఈ మూడు ప్రశ్నలు పెళ్లికీ వర్తిస్తాయి. 18 నిండని ఆడపిల్లకు పెళ్లి చేయడం నేరమని దేశ చట్టం చెబుతున్నా, మన ఊళ్లలో ఆ పిల్లను కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు అడిగేవారు ఎందరు?

బెర్నదెత్ 1961లో కన్నుమూసింది. 2016లో ఆమెను 'దైవ సేవకురాలు'గా ప్రకటించారు. కథోలిక సంప్రదాయంలో పునీతురాలి హోదాకు అది మొదటి మెట్టు. నలుగురితో మొదలైన సభ ఝార్ఖండ్ దాటి ఇతర రాష్ట్రాలకు చేరింది. దాని బడులు, ఆసుపత్రులు నడిపేవారిలో ఎక్కువమంది ఆదివాసీ స్త్రీలే. వారు నిలబడగలరా అని సందేహపడినవారికి ఆ నలుగురూ వాదనతో జవాబు చెప్పలేదు. 1897లో మొదలుపెట్టి, ఉండి చూపించారు.