మత్తుమందు లేని రోజుల్లో ఒక రాయి

కిడ్నీలో రాయి నొప్పి పడ్డవాడికే తెలుస్తుందంటారు. నిజమే. నా ఆపరేషన్ అయ్యాక, మత్తుమందు లేని కాలంలో జనం ఏం చేసేవారా అని పాత పుస్తకాలు తిరగేశాను. అప్పుడు దొరికాడు జేమ్స్ పోక్.

1812. టెనెస్సీలో పదిహేడేళ్ళు నిండీ నిండని బక్కపల్చటి కుర్రాడు. మూత్రాశయంలో రాయి. ఫిలడెల్ఫియాలో పేరున్న సర్జన్ ఫిజిక్ దగ్గరికని గుర్రం మీద బయలుదేరితే, దారిలోనే నొప్పి ముంచుకొచ్చింది. కెంటకీలో డాన్‌విల్ అనే చిన్న ఊళ్ళో ఎఫ్రాయిమ్ మెక్‌డవెల్ అనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. మత్తు పేరుతో దొరికింది కాస్త బ్రాందీ. కాళ్ళు కట్టేసి, మర్మాంగం వెనక కోసి, ప్రోస్టేట్ గుండా మూత్రాశయంలోకి వెళ్ళి రాయి లాగారు. కుర్రాడికి అంతా తెలుస్తూనే ఉంది!

బతికాడు. 1826లో, అప్పటికి కాంగ్రెస్ సభ్యుడు, మెక్‌డవెల్‌కి కృతజ్ఞతగా ఉత్తరం రాశాడు. చదువూ, పెళ్ళీ, ఉద్యోగం అన్నీ ఆ ఆరోగ్యం వల్లే దక్కాయని. పిల్లలు మాత్రం కలగలేదు. ఆ కోతే కారణమని కొందరు చరిత్రకారుల అనుమానం.

1845లో ఆయన అమెరికా అధ్యక్షుడయ్యాడు. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్లో ఈథర్‌తో నొప్పి లేని ఆపరేషన్ చేసి చూపించినప్పుడు వైట్‌హౌస్‌లో ఉన్నది ఈయనే. ముప్ఫై నాలుగేళ్ళు ఆలస్యం అన్నమాట.

మన సుశ్రుతుడు కూడా అశ్మరికి ఇదే దారి చెప్పాడు. చెయ్యకపోతే చావు ఖాయం, చేస్తే బతుకు సందేహం, అందుకని ముందు రాజు అనుమతి తీసుకోమన్నాడు. నర్సు నా చేత సంతకం పెట్టించిన కాగితాల కట్టకి అదే మూలపురుషుడేమో!

కోత అవసరం తగ్గడానికి చాలాకాలం పట్టింది. విమానాలు చేసే డోర్నియర్ కంపెనీ వాళ్ళు, ధ్వనికంటే వేగంగా పోయే విమానాన్ని వానచుక్క కొడితే ఏమవుతుందో చూస్తూ అఘాత తరంగాల సంగతి పట్టుకున్నారు. 1980లో మ్యూనిక్‌లో మొదటి రోగికి వాటితోనే కిడ్నీలో రాయి పగలగొట్టారు. అమెరికాలో మొదటిసారి 1984 ఫిబ్రవరిలో, ఇండియనాపొలిస్ మెథడిస్ట్ హాస్పిటల్లో. రోగిని నీళ్ళతొట్టిలో కూర్చోబెట్టేవారు. ఆ డిసెంబరులో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది.

నాకు తొట్టి కూడా లేదు. మూత్రనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, లేజర్‌తో పిండి చేశారు. ఒంటిమీద కోత లేదు. తర్వాత వారంపాటు లోపల ఉంచిన స్టెంట్ మాత్రం చుక్కలు చూపించింది. సణుగుదామనుకున్నప్పుడల్లా ఆ డాన్‌విల్ బల్ల గుర్తొచ్చి నోరు మూసుకునేవాణ్ణి.

మెక్‌డవెల్ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అటు వెళితే చూడండి. ఈలోగా నీళ్ళు బాగా తాగండి. ఆ విషయంలో మాత్రం మన పెద్దవాళ్ళదీ ఇక్కడి డాక్టర్లదీ ఒకటే మాట.